బ్రెగ్జిట్ తర్వాత స్కాట్లాండ్, వేల్స్ చేతిలో మిగిలిందేమిటి?

2016 జూన్ 23న, యూరోపియన్ యూనియన్‌లో కొనసాగాలా వద్దా అని బ్రిటన్ అడిగినప్పుడు, భారత పాస్‌పోర్టుతో గ్లాస్గోలో ఉంటున్న నాకూ ఓటుంది. కామన్వెల్త్ దేశాల పౌరులం కాబట్టి మాకు ఇచ్చారు. ఆ నిర్ణయంతో బతుకే తలకిందులయ్యే పోలండ్, స్పెయిన్ వాళ్లు నా చుట్టూ ఎంతోమంది ఉన్నారు, వాళ్లకు ఇవ్వలేదు. అంతకు రెండేళ్ల ముందు స్కాట్లాండ్ స్వాతంత్ర్యం మీద జరిగిన రెఫరెండంలో మాకూ, వాళ్లకూ, పదహారేళ్లు నిండిన పిల్లలకూ కూడా ఓటుంది. 2014లో ఎవరు ఓటేయాలో స్కాటిష్ పార్లమెంటు తేల్చింది. 2016లో లండన్‌లోని వెస్ట్‌మిన్‌స్టర్ పార్లమెంటు తేల్చింది.

ఫలితం తెలిసిందే. మొత్తం బ్రిటన్‌లో 51.9 శాతం మంది బయటికి వెళ్లాలన్నారు. స్కాట్లాండ్‌లో 62 శాతం, ఉత్తర ఐర్లాండ్‌లో 55.8 శాతం ఉండిపోదామన్నారు. వేల్స్ మాత్రం 52.5 శాతంతో ఇంగ్లండ్ దారిలోనే వెళ్లింది. 2014లో స్కాట్లాండ్ ప్రజలకు పదేపదే చెప్పిన మాట, బ్రిటన్‌లో ఉంటేనే యూరప్‌లో మీ స్థానం భద్రం అని. ఆ మాట నమ్మి బ్రిటన్‌లో ఉండటానికి ఓటేసిన స్నేహితులు నాకున్నారు. 2016 జూన్ 24 ఉదయం వాళ్ల ముఖాలు చూడలేకపోయాను.

బ్రెగ్జిట్ గురించి తెలుగులో వచ్చే రాతల్లో ఎక్కువ భాగం వీసాలు, పౌండు ధర, ఉద్యోగాలు. అవి ముఖ్యమే. కానీ ఇక్కడ పదేళ్లుగా నన్ను కలవరపెడుతున్నది ఇంకొకటి. పెద్ద యూనియన్ నుంచి ఒక దేశం బయటికొచ్చినప్పుడు, ఆ దేశంలోనే అంతర్భాగంగా సొంత చట్టసభలతో ఉన్న చిన్న దేశాల అధికారాలు ఏమవుతాయి? పెరుగుతాయని చెప్పారు. కాగితం మీద పెరిగాయి కూడా. చేతల్లో తగ్గాయని నా వాదన.

కొంచెం వెనక్కి వెళ్లాలి. 1997 సెప్టెంబరులో టోనీ బ్లెయిర్ ప్రభుత్వం స్కాట్లాండ్‌లో, వేల్స్‌లో రెఫరెండాలు పెట్టింది. స్కాట్లాండ్‌లో 74.3 శాతం మంది సొంత పార్లమెంటు కావాలన్నారు. వేల్స్‌లో 50.3 శాతమే, అంటే ఏడు వేల ఓట్లు కూడా లేని తేడాతో గట్టెక్కింది. మరుసటి ఏడాది చట్టాలు వచ్చాయి, 1999లో చట్టసభలు మొదలయ్యాయి. ఉత్తర ఐర్లాండ్‌కు 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం ద్వారా అసెంబ్లీ వచ్చింది. వైద్యం, విద్య, వ్యవసాయం, చేపల వేట, పర్యావరణం వంటివి ఈ చట్టసభల చేతికి వచ్చాయి. రక్షణ, విదేశాంగం, వలసలు వెస్ట్‌మిన్‌స్టర్ తన దగ్గరే ఉంచుకుంది.

అయితే ఒక షరతు ఉండేది. స్కాటిష్ పార్లమెంటు యూరోపియన్ యూనియన్ చట్టానికి విరుద్ధంగా చట్టం చేస్తే అది చెల్లదు. వ్యవసాయం హోలీరూడ్‌కు, అంటే స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరోలోని పార్లమెంటుకు ఇచ్చారు, కానీ వ్యవసాయ విధానంలో చాలా భాగం యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌లో తయారయ్యేది. పర్యావరణమూ అంతే. అప్పట్లో ఇదంతా స్కాట్లాండ్‌కు అడ్డుకట్టలాగే కనిపించేది. బ్రిటన్‌లోని నాలుగు భాగాల మధ్య సరుకులు స్వేచ్ఛగా తిరగడానికి విడిగా ఏ ఏర్పాటూ అక్కర్లేకపోవడానికి కారణం కూడా అదేనని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఉమ్మడి నియమాలు బయట నుంచే వచ్చేవి. వాటికి లండనూ లోబడాలి, ఎడిన్‌బరో కూడా లోబడాలి.

బ్రెగ్జిట్ ఆ అడ్డుకట్ట తీసేసింది. ఇప్పుడు వ్యవసాయం, చేపలు, పర్యావరణం పూర్తిగా ఎడిన్‌బరో, వేల్స్ రాజధాని కార్డిఫ్ చేతికి రావాలి కదా. బయటికి వెళ్లాలని ప్రచారం చేసినవాళ్లు స్కాట్లాండ్‌లో చెప్పిందీ అదే. 2017 జులైలో వెస్ట్‌మిన్‌స్టర్‌లో ప్రవేశపెట్టిన ఉపసంహరణ బిల్లు పదకొండో క్లాజు మాత్రం, బ్రస్సెల్స్ నుంచి తిరిగొచ్చే అధికారాలన్నీ ముందు లండన్‌కు చేరతాయని, ఆ తర్వాత ఏవి పంచాలో లండన్ చూస్తుందని చెప్పింది. స్కాట్లాండ్ ఫస్ట్ మినిస్టర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) నికోలా స్టర్జన్, వేల్స్ ఫస్ట్ మినిస్టర్ కార్విన్ జోన్స్ కలిసి దీన్ని బాహాటంగా అధికారం లాక్కోవడమేనని ఖండించారు. ఆవిడది స్కాట్లాండ్‌ను విడదీయాలనే పార్టీ. ఆయనది బ్రిటన్ కలిసే ఉండాలనే లేబర్ పార్టీ. వాళ్లిద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారంటే అది వేర్పాటువాదుల గోల అని కొట్టిపారేయడానికి లేదు.

బేరసారాలు జరిగాయి, క్లాజు కొంత మెత్తబడింది. వేల్స్ ఒప్పుకుంది. స్కాటిష్ పార్లమెంటు 2018 మే 15న 93–30 ఓట్లతో ఆ బిల్లుకు సమ్మతి నిరాకరించింది. అయినా వెస్ట్‌మిన్‌స్టర్ జూన్‌లో చట్టం చేసేసింది. ఆ చివరి దశలో, ఈ అధికారాలకు సంబంధించిన సవరణల మీద హౌస్ ఆఫ్ కామన్స్‌లో జరిగిన చర్చ ఇరవై నిమిషాలు కూడా లేదు. మర్నాడు స్కాటిష్ నేషనల్ పార్టీ ఎంపీలు సభ నుంచి వాకౌట్ చేశారు.

సమ్మతి లేకుండా ఎలా చేయగలిగారన్నదే అసలు విషయం. 1998లో లార్డ్ స్యూవెల్ పేరు మీద ఒక సంప్రదాయం మొదలైంది. బదలాయించిన అంశాల మీద స్కాటిష్ పార్లమెంటు సమ్మతి లేకుండా వెస్ట్‌మిన్‌స్టర్ సాధారణంగా చట్టం చేయదు. దాదాపు ఇరవై ఏళ్లు దాన్ని గౌరవించారు. 2014 రెఫరెండం తర్వాత, ఇచ్చిన మాట ప్రకారం 2016 స్కాట్లాండ్ చట్టంలో ఆ వాక్యాన్ని చేర్చారు కూడా. చట్టంలోకి ఎక్కింది కాబట్టి ఇక కోర్టు కాపాడుతుందని చాలామంది అనుకున్నారు. 2017 జనవరి 24న, పార్లమెంటు అనుమతి లేకుండా ప్రభుత్వం బ్రెగ్జిట్ ప్రక్రియ మొదలుపెట్టకూడదని వేసిన గీనా మిల్లర్ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు పదకొండు మంది జడ్జీలూ ఏకగ్రీవంగా చెప్పింది ఏమిటంటే, అది రాజకీయ సంప్రదాయమే, దాన్ని అమలు చేయించడం కోర్టుల పని కాదు. పైగా 1998 నాటి అసలు స్కాట్లాండ్ చట్టం 28వ సెక్షన్‌లో ఇంకో వాక్యం మొదటి నుంచీ ఉంది. స్కాట్లాండ్ కోసం చట్టాలు చేసే వెస్ట్‌మిన్‌స్టర్ అధికారానికి ఈ చట్టం ఏ లోటూ తేదని. బదలాయించిన అధికారాలన్నీ ఆ వాక్యం దయ మీదే బతుకుతున్నాయి.

ఇది చదువుతుంటే తెలుగువాళ్లకు 2014 గుర్తురాక మానదు. ఆ ఏడాది జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించింది. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. విభజన న్యాయమా కాదా అన్నది ఇక్కడ నా చర్చ కాదు. తెలంగాణ ప్రజల దశాబ్దాల ఆకాంక్షను నేను తక్కువ చేయను. నేను చెప్పేది పద్ధతి గురించి. మన రాజ్యాంగం మూడో అధికరణ రాష్ట్రం అభిప్రాయం అడగాలంటుంది, సమ్మతి అవసరమని ఎక్కడా అనదు. నచ్చినా నచ్చకపోయినా ఆ సంగతి 1950 నుంచీ అందరికీ తెలుసు. అదే సమయంలో రాష్ట్రాల జాబితాలోని అంశాలను లాక్కోవాలంటే ఢిల్లీకి అంత తేలిక కాదు. ఏడో షెడ్యూలు మార్చాలంటే పార్లమెంటులో ప్రత్యేక మెజారిటీతో పాటు కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు ఒప్పుకోవాలి. సరిహద్దుల విషయంలో మన రాష్ట్రాలు బలహీనం, అధికారాల విషయంలో వాటికి ఒక తాళం ఉంది. స్కాట్లాండ్, వేల్స్‌కు ఆ తాళం లేదు. హౌస్ ఆఫ్ కామన్స్‌లో ఒక్క ఓటు మెజారిటీ ఉన్న మామూలు చట్టం చాలు.

2018లో స్కాట్లాండ్ తన దారి తాను వెతుక్కోవాలని చూసింది. యూరోపియన్ చట్టాలను తన పరిధిలో తానే కొనసాగించుకునేలా సొంత బిల్లు మార్చిలో ఆమోదించింది. లండన్ దాన్ని సుప్రీంకోర్టుకు తీసుకెళ్లింది. కోర్టు డిసెంబరులో ఇచ్చిన తీర్పు చదివినప్పుడు నాకు చాలా కోపం వచ్చింది. బిల్లు ఆమోదించిన రోజున ఒక్క సెక్షన్ తప్ప మిగతాదంతా స్కాటిష్ పార్లమెంటు అధికార పరిధిలోనే ఉందట. కానీ కేసు నడుస్తుండగానే వెస్ట్‌మిన్‌స్టర్ తన ఉపసంహరణ చట్టాన్ని, స్కాట్లాండ్ ముట్టుకోకూడని చట్టాల జాబితాలో చేర్చేసింది. దాంతో ఆ బిల్లులో ఇంకా చాలా భాగాలు పరిధి దాటిపోయాయి. కోర్టు తప్పేమీ చేయలేదు, ఉన్న చట్టం చెప్పింది. ఆట సగంలో ఉండగా గీతలు మార్చే హక్కు ఒక పక్షానికి చట్టబద్ధంగానే ఉందని ఆ తీర్పు తేల్చింది.

2020 జనవరిలో ఎడిన్‌బరో, కార్డిఫ్, ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ చట్టసభలు మూడూ బ్రెగ్జిట్ ఒప్పందం బిల్లుకు సమ్మతి నిరాకరించాయి. అదీ చట్టమైంది. కానీ అన్నిటికంటే లోతుగా కోసింది ఆ ఏడాది డిసెంబరు 17న చట్టమైన అంతర్గత మార్కెట్ చట్టం. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే పైకి చూస్తే దీనిలో ఏ అధికారాన్నీ తీసుకున్నట్టే కనిపించదు.

బ్రిటన్‌లో ఒక భాగంలో చట్టప్రకారం అమ్మదగ్గ సరుకును మిగతా భాగాల్లోనూ అమ్మవచ్చు, అక్కడి నియమాలు ఏమన్నా సరే. ఇదీ సూత్రం. స్కాట్లాండ్ ఒక వస్తువును నిషేధించవచ్చు. కానీ ఆ వస్తువు ఇంగ్లండ్‌లో తయారై, అక్కడ అమ్మకానికి చట్టప్రకారం సరిపోతే, గ్లాస్గో షాపులో దాన్ని ఆపలేరు. నిషేధం చివరికి స్కాట్లాండ్‌లో తయారుచేసేవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. ఇలాంటి చట్టం ఏ చట్టసభ చేస్తుంది? చట్టం చేసే అధికారం అలాగే ఉంది, ఆ చట్టం పనిచేసే అవకాశం పోయింది. మినహాయింపు కావాలంటే లండన్‌లోని మంత్రిని అడగాలి. ఆయన తనకు నచ్చిన మినహాయింపు ఇవ్వాలనుకుంటే మిగతా ప్రభుత్వాల సమ్మతి కోరతాడు, నెలలోపు రాకపోతే తన దారిన తాను వెళ్లవచ్చు.

యూరోపియన్ మార్కెట్‌లోనూ ఇలాంటి సూత్రమే ఉండేది కదా అని ఇక్కడివాళ్లే నన్ను అడుగుతుంటారు. ఉండేది. కానీ దానికి తలుపులుండేవి. దీనికి నా దగ్గర ఉన్న మంచి ఉదాహరణ మద్యం ధర. తాగుడు వల్ల చనిపోయేవాళ్లు ఎక్కువై, మద్యానికి కనీస ధర ఉండాలని స్కాటిష్ పార్లమెంటు 2012లో చట్టం చేసింది. విస్కీ తయారీదారుల సంఘం, ఇది యూరప్‌లో సరుకుల స్వేచ్ఛకు విరుద్ధమని కోర్టుకెళ్లింది. కేసు యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లి వచ్చింది. ప్రజారోగ్యం కోసమేనని, ఇంతకంటే తేలిక మార్గం లేదని స్కాట్లాండ్ నిరూపించుకోవాల్సి వచ్చింది. 2017 నవంబరులో సుప్రీంకోర్టు ఆమోదించింది, 2018 మే 1 నుంచి యూనిట్‌కు (అంటే పది మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్‌కు) 50 పెన్నీల కనీస ధర అమల్లోకి వచ్చింది. ఆరేళ్లు పట్టింది, కానీ వాదన విని తీర్పు చెప్పే చోటు ఒకటుంది. 2020 చట్టంలో, ఒక చోట చెల్లే సరుకు అన్ని చోట్లా చెల్లాలనే సూత్రానికి మినహాయింపులు చాలా ఇరుకు. ప్రజారోగ్యం, పర్యావరణం అని చెప్పి తప్పించుకునే విశాలమైన దారి లేదు. కోర్టు ముందు నిరూపించుకునే బదులు మంత్రి దగ్గర అనుమతి తెచ్చుకోవాలి.

ఆ మంత్రి ఎవరో కూడా చూడాలి. పర్యావరణం, వ్యవసాయం విషయాల్లో లండన్ మంత్రి అంటే ఇంగ్లండ్ మంత్రే, ఇంగ్లండ్‌కు విడిగా ప్రభుత్వం లేదు కాబట్టి. బ్రిటన్ జనాభాలో ఇంగ్లండ్ వాటా సుమారు 84 శాతం. యూరోపియన్ యూనియన్‌లో అప్పట్లో అతి పెద్ద దేశం జర్మనీ, దాని వాటా ఆరో వంతే. అక్కడ జర్మనీ ఒక్కటే నియమం రాయలేదు. ఇక్కడ ఇంగ్లండ్ కోసం లండన్ ఏది రాస్తే అదే అందరి నియమం అవుతుంది. 2023లో ఇంగ్లండ్ కోసం జన్యు సవరణ పంటల చట్టం తెచ్చినప్పుడు, మాకొద్దన్న స్కాట్లాండ్, వేల్స్ షాపుల్లోకి ఆ సరుకు రావడానికి ఈ అంతర్గత మార్కెట్ చట్టమే దారి వేసింది.

ఖాళీ సీసాల కథ ఇంకా బాధాకరం. సీసాకో డబ్బాకో 20 పెన్నీలు డిపాజిట్ తీసుకుని, ఖాళీది తిరిగిస్తే వెనక్కిచ్చే పథకం స్కాట్లాండ్‌ది. గాజు, ప్లాస్టిక్, లోహం మూడూ ఉన్నాయి. 2023 ఆగస్టులో మొదలవ్వాలి. పథకంలో సొంత లోపాలూ ఉన్నాయి, అప్పటికే వాయిదాలు పడింది, చిన్న తయారీదారులు గోలపెడుతున్నారు. ఆ మాట దాచను. అయినా దాన్ని సరిదిద్దుకోవాల్సింది హోలీరూడ్. 2023 మేలో లండన్, గాజు తీసేస్తేనే మినహాయింపు ఇస్తామంది. జూన్‌లో మంత్రి లోర్నా స్లేటర్ పథకాన్ని 2025 అక్టోబరు దాకా వాయిదా వేశారు. దాన్ని నడపడానికి పెట్టిన కంపెనీ అదే నెలలో దివాలా బాట పట్టింది, ఉద్యోగాలు పోయాయి. మా పేటలో కిరాణా షాపు నడిపే పంజాబీ పెద్దాయన యంత్రం కోసం గోడ కూడా కొట్టించుకున్నారు. రెండు ప్రభుత్వాల్లో ఎవరిది తప్పని ఆయన అడిగితే నేను పది నిమిషాలు చెప్పాల్సి వచ్చింది. ఓటరుకు అది అర్థం కాకుండా పోవడం కూడా ఒక నష్టమే. ఎవరిని నిలదీయాలో తెలియనప్పుడు చట్టసభ మీదే నమ్మకం పోతుంది.

ఇక డబ్బు. ఇది వేల్స్ కథ. పశ్చిమ వేల్స్, బొగ్గు గనుల లోయలు యూరప్‌లోని పేద ప్రాంతాల లెక్కలో ఉండేవి, అందుకే యూరోపియన్ నిధులు ధారాళంగా వచ్చేవి. 2014–2020 కాలానికి సుమారు 200 కోట్ల పౌండ్లు. వాటిని ఎక్కడ ఖర్చు పెట్టాలో కార్డిఫ్ ప్రభుత్వం నిర్ణయించి నడిపేది. నిధులు బాగా వచ్చిన, ఆ లోయల్లోని బ్లైనౌ గ్వెంట్ 62 శాతంతో బ్రెగ్జిట్‌కు ఓటేసింది. వాళ్లకు బుద్ధిలేదని నవ్వినవాళ్లున్నారు. నాకు ఆ నవ్వు నచ్చదు. ఉక్కు ఫ్యాక్టరీ మూతపడి ఊరు ఎండిపోతే రోడ్డు పక్కన ఇది యూరోపియన్ నిధులతో కట్టిందని చెప్పే నీలిరంగు బోర్డు చూసి ఎవరూ సంతోషించరు. కానీ ఆ ఓటుతో కార్డిఫ్ చేతిలోంచి జారిపోయిందేమిటో ఎవరూ వాళ్లకు ముందు చెప్పలేదు. 2020 చట్టం లండన్ మంత్రులకు బదలాయించిన రంగాల్లోనూ నేరుగా డబ్బు ఖర్చు పెట్టే అధికారం ఇచ్చింది. యూరోపియన్ నిధుల స్థానంలో వచ్చిన ఉమ్మడి శ్రేయస్సు నిధిలో వేల్స్‌కు మూడేళ్లకు 58.5 కోట్ల పౌండ్లు కేటాయించారు. అవి కార్డిఫ్‌ను దాటేసి నేరుగా స్థానిక కౌన్సిళ్లకు వెళ్లాయి. మొత్తం ఎంత అన్నదాని మీద తగాదా ఉంది. ఎవరు నిర్ణయించారన్నదాని మీద మాత్రం తగాదా లేదు.

ఉత్తర ఐర్లాండ్‌ది పూర్తిగా వేరే చిక్కు. ఐర్లాండ్ ద్వీపంలో మళ్లీ సరిహద్దు గేట్లు రాకూడదని, సరుకుల విషయంలో దాన్ని యూరోపియన్ నియమాల కిందే ఉంచారు. ఆ నియమాల తయారీలో దానికి ఓటు లేదు. దీని మీద నిరసనగా, బ్రిటన్‌లోనే ఉండాలనే అక్కడి పార్టీ డీయూపీ 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్లు ప్రభుత్వమే నడవనివ్వలేదు. అది ఇంకో వ్యాసానికి సరిపడా విషయం.

ఇంతకీ లాభమేమీ లేదా అంటే, ఉంది. స్కాట్లాండ్ 2024లో తన సముద్ర జలాల్లో శాండీల్ అనే చిన్న చేపల వేటను ఆపేసింది, సముద్ర పక్షులకు అవే ఆహారం కాబట్టి. యూరోపియన్ యూనియన్ మధ్యవర్తిత్వానికి వెళ్లినా స్కాట్లాండ్ నిషేధం నిలబడింది. వేల్స్ తన రైతు సాయాన్ని తానే కొత్తగా రూపొందించుకుంది. ఇవి నిజమైన అధికారాలే. ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. స్కాట్లాండ్ బయటికి అమ్మే వాటిలో సగానికి పైగా మిగతా బ్రిటన్‌కే వెళ్తాయి. నాలుగు చోట్ల నాలుగు రకాల లేబుళ్లు, నాలుగు రకాల సీసాలు ఉంటే చిన్న వ్యాపారి చచ్చిపోతాడు. ఉమ్మడి మార్కెట్‌కు ఉమ్మడి నియమాలు కావాలి. నా గొడవ నియమాలతో కాదు, వాటిని ఒక్కరే రాయడంతో.

ఇక్కడే మన అనుభవం ఒకటి పనికొస్తుంది. జీఎస్టీతో మన రాష్ట్రాలు పెద్ద పన్ను అధికారమే వదులుకున్నాయి. దాని బదులు కౌన్సిల్‌లో ఓటు వచ్చింది. కేంద్రానికి మూడో వంతు, రాష్ట్రాలన్నిటికీ కలిపి మూడింట రెండు వంతులు, ఏ నిర్ణయానికైనా మూడొంతుల మెజారిటీ, అంటే నాలుగింట మూడు వంతులు కావాలి. ఆ కౌన్సిల్ మీద రాష్ట్రాలకు ఎన్నో ఫిర్యాదులున్నాయి, చాలావరకు సబబైనవే. అయినా కేంద్రం ఒక్కటే అక్కడ ఏదీ నెగ్గించుకోలేదు. స్కాట్లాండ్, వేల్స్‌కు అంతపాటి కుర్చీ కూడా లేదు.

పార్టీ మారితే మారుతుందనుకున్నవాళ్లు ఉన్నారు, నేనూ కొంత ఆశపడ్డాను. 2024లో లేబర్ ప్రభుత్వం వచ్చింది. 2025 జనవరిలో అంతర్గత మార్కెట్ చట్టాన్ని సమీక్షిస్తామన్నారు. చట్టాన్ని రద్దు చేయాలని స్కాటిష్ పార్లమెంటు 2023లోనే ఓటేసింది. సమీక్ష తర్వాత మినహాయింపుల పద్ధతి సడలిస్తామన్నారు, చట్టం మాత్రం ఉంది. 2025 మేలో యూరోపియన్ యూనియన్‌తో కొత్త సర్దుబాటు చేసుకున్నప్పుడు, యూరోపియన్ పడవలు బ్రిటన్ జలాల్లో వేటాడే వీలును 2038 దాకా పొడిగించారు. చేపల వేట హోలీరూడ్‌ది, ఒప్పందం లండన్‌ది. ఆ జులైలోనే భారత్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. స్కాచ్ మీద మన దిగుమతి సుంకం 150 శాతం నుంచి 75కు, పదేళ్లలో 40కి తగ్గేలా. విస్కీ తయారయ్యే నేలకు అది మంచి వార్తే, కానీ బేరం ఆడిన గదిలో ఆ నేల ప్రభుత్వానికి కుర్చీ లేదు. మన పిల్లల సంగతీ అంతే. 2005లో స్కాట్లాండ్‌లో చదివినవాళ్లు ఉండి ఉద్యోగం వెతుక్కునేలా ఒక ప్రత్యేక పథకం ఉండేది, 2008లో అది మొత్తం బ్రిటన్ పద్ధతిలో కలిసిపోయింది. పనిచేసే వయసువాళ్లు తగ్గిపోతారు, మాకు వేరే వీసా కావాలని స్కాట్లాండ్ 2020 జనవరిలో ప్రతిపాదిస్తే లండన్ వెంటనే కాదంది.

అయితే స్వాతంత్ర్యమే దారా అని అడిగితే, నేను ఇంకా తేల్చుకోలేదు. 2022 నవంబరులో సుప్రీంకోర్టు, లండన్ అనుమతి లేకుండా మళ్లీ రెఫరెండం పెట్టే అధికారం హోలీరూడ్‌కు లేదని చెప్పింది కాబట్టి ఆ ప్రశ్న దగ్గర్లో వచ్చేలా కూడా లేదు. ఈలోగా బ్రిటన్ కలిసి ఉండాలని మనస్ఫూర్తిగా కోరేవాళ్లు చేయగలిగింది ఉంది, వాళ్లే ముందు చేయాలి. స్యూవెల్ సంప్రదాయాన్ని కోర్టులో నిలబడే చట్టంగా మార్చాలి. బదలాయించిన అంశం మీద సమ్మతి లేకపోతే ఆ చట్టం ఆ దేశానికి వర్తించకూడదు. మార్కెట్ మినహాయింపులు ఒక మంత్రి బల్ల మీద కాకుండా నాలుగు ప్రభుత్వాలకూ ఓటున్న కౌన్సిల్‌లో తేలాలి, ఇంగ్లండ్ తరఫున వచ్చేవాళ్లు బ్రిటన్ మొత్తం తరఫున తీర్పు చెప్పకూడదు. చేపల మీదో పంటల మీదో విదేశాలతో ఒప్పందం చేసుకునే ముందు ఆ అంశం ఎవరి చేతిలో ఉందో వాళ్ల ప్రతినిధి బేరం జరిగే గదిలో ఉండాలి. వీటిలో ఏదీ బ్రిటన్‌ను ముక్కలు చేయదు. మూడింటికీ కావలసింది వెస్ట్‌మిన్‌స్టర్‌లో ఒక మామూలు చట్టం, 2020 డిసెంబరులో చేసినంత తేలిగ్గా చేయగలిగిన చట్టం.